తుపాకీ కన్నా ముందు కాగితం: ఫిలిప్పీన్స్‌లో మార్కోస్ పాలన

సభకు నమస్కారం.

నియంత అనగానే మన కళ్ల ముందు ఒక బొమ్మ మెదులుతుంది. మిలిటరీ దుస్తులు, మీసం, మేడ మీద నిలబడి అరుపులు, కింద చేతులెత్తిన జనం. ఆ బొమ్మను కాసేపు పక్కన పెట్టండి. ఇవాళ మనం మాట్లాడుకునే మనిషి లాయరు. ఎన్నికల్లో ఒకసారి కాదు, రెండుసార్లు గెలిచిన అధ్యక్షుడు. 1972 నుంచి 1986 దాకా ఒక దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్నాడు. ఆ పద్నాలుగేళ్లలో చేసిన ప్రధానమైన పనులన్నిటికీ ఒక నంబరు, ఒక తేదీ, కింద ఒక సంతకం వేసి ఉంచాడు. ఫెర్డినాండ్ మార్కోస్. పేరు చెప్పగానే ఆయన భార్య ఇమెల్డా పోగేసిన చెప్పుల జతలు గుర్తొస్తాయి చాలామందికి. ఆ చెప్పుల కథ వల్ల అసలు కథ మరుగున పడింది.

ఆయన చట్టాన్ని ఎలా చూసేవాడో తెలియాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి. 1935లో ఆయన తండ్రి ఎన్నికల్లో ఓడిపోయాడు. గెలిచిన నలుందసాన్ అనే ఆయన్ని కొద్ది రోజులకే ఎవరో తుపాకీతో కాల్చి చంపారు. ఆ కేసులో 1939లో మార్కోస్‌కు శిక్ష పడింది. అరెస్టయ్యేనాటికి ఆయన లా విద్యార్థి. అదే ఏడాది బార్ పరీక్షలో దేశంలో మొదటి స్థానం తెచ్చుకున్నాడు. సుప్రీంకోర్టులో తన అప్పీలు తానే వాదించుకున్నాడు. 1940లో నిర్దోషిగా బయటికొచ్చాడు. హత్య ఎవరు చేశారన్నది పక్కన పెడదాం. కాగితం మీద గెలిస్తే బయట కూడా గెలిచినట్టేనని ఇరవై మూడేళ్ల వయసులో ఆయనకు అనుభవంలోకి వచ్చింది. మనకు కావాల్సింది అది.

ఇప్పుడు ఆ దేశపు 1935 రాజ్యాంగం దగ్గరికి వద్దాం. అందులో ఒక క్లాజు ఉంది. దండయాత్రో, తిరుగుబాటో వచ్చినప్పుడు, లేదా అవి ముంచుకొచ్చే ప్రమాదం ఉన్నప్పుడు, ప్రజల భద్రతకు అవసరమైతే అధ్యక్షుడు హెబియస్ కార్పస్‌ను, అంటే పట్టుకున్న మనిషిని కోర్టు ముందుకు తెమ్మని అడిగే హక్కును, ఆపవచ్చు, మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టవచ్చు. అంతే. ఎన్నాళ్లు పెట్టవచ్చో రాయలేదు. పార్లమెంటు, అంటే వాళ్ల కాంగ్రెస్, ఆమోదించాలని రాయలేదు. "ముంచుకొచ్చే ప్రమాదం" ఉందని తేల్చేది ఎవరో రాయలేదు. తాళం బాగానే ఉంది గానీ తాళంచెవి గుమ్మానికే వేలాడుతోంది. అదే రాజ్యాంగం ఇంకో మాట కూడా అంది: ఎవరూ ఎనిమిదేళ్లకు మించి వరసగా అధ్యక్షుడుగా ఉండకూడదు. మార్కోస్ 1965లో గెలిచాడు, 1969లో మళ్లీ గెలిచాడు. 1973 డిసెంబరు 30న దిగిపోవాలి. ఆ తేదీ గుర్తుంచుకుంటే తర్వాత జరిగిన ప్రతిదీ అర్థమవుతుంది.

1969 ఎన్నికలకు ఆయన ఖజానా గుమ్మరించాడు. మరుసటి ఏడాది కరెన్సీ విలువ పడిపోయింది, ధరలు మండాయి, విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. ఆ ప్రచారంలో ఆయన గట్టిగా చెప్పుకున్న విషయం వరి. మనీలా దగ్గర లాస్ బానోస్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐఆర్-8 విడుదల చేసింది. మన గోదావరి జిల్లాల్లో పాతతరం రైతులకు ఆ పేరు బాగా తెలుసు. ఆ వంగడం పుణ్యాన బియ్యంలో స్వయం సమృద్ధి సాధించామని ఊరూరా చెప్పుకున్నాడు. విత్తనం శాస్త్రవేత్తలది, పోస్టరు ఆయనది.

1971 ఆగస్టు 21న మనీలాలోని ప్లాజా మిరాండాలో ప్రతిపక్షం సభ మీద గ్రెనేడ్లు పడ్డాయి. తొమ్మిది మంది చనిపోయారు. ఎవరు వేయించారన్నది నేటికీ వివాదమే. కమ్యూనిస్టులని మార్కోస్, మార్కోస్ అని జనం. ఆయన మాత్రం వెంటనే హెబియస్ కార్పస్ ఆపేశాడు. జనం కోర్టుకు వెళ్లారు. కారణాలు నిజమో కాదో పరిశీలించే అధికారం మాకు ఉందని సుప్రీంకోర్టు డిసెంబరులో తేల్చింది. పరిశీలించి, ఈసారికి అధ్యక్షుడి మాటే సరైనదంది. మార్కోస్‌కు అది రిహార్సల్. కోర్టు ఎంతవరకు వస్తుందో, ఎక్కడ ఆగుతుందో తెలిసింది. అదే ఏడాది నవంబరులో సెనేట్‌కు ఎనిమిది స్థానాల్లో ఎన్నికలు జరిగితే ఆయన పార్టీకి రెండే దక్కాయి. ఓటు దారి మూసుకుపోయిందని అప్పుడే స్పష్టమైంది.

ఇక మిగిలింది రాజ్యాంగం మార్చే దారి. 1971 జూన్‌లో రాజ్యాంగ సభ కూర్చుంది. అధ్యక్ష పద్ధతి పోయి ప్రధాని పద్ధతి వస్తే ఎనిమిదేళ్ల గడువు అడ్డం ఉండదు. 1972 మేలో లేటే నుంచి వచ్చిన ఎడువార్డో కింతేరో అనే వృద్ధ సభ్యుడు లేచి, తనకు అప్పుడప్పుడూ కవర్లలో అందిన డబ్బు, మొత్తం 11,150 పెసోలు, సభకు అప్పగించాడు. ఇచ్చినవాళ్ల పేర్లు చెప్పాడు, అందులో ఇమెల్డా పేరు కూడా వచ్చింది. ఆ వెంటనే ఆయన ఇంటి మీద దాడి జరిగింది, లక్షల పెసోలు దొరికాయన్నారు. ఈ పద్ధతి మనకు కొత్తదేమీ కాదు, చెప్పినవాడే దొంగ.

ఇప్పుడు 1972 సెప్టెంబరు. ఇక్కడ గంటల వారీగా చూడాలి. మార్షల్ లా ప్రకటన, నంబరు 1081, దాని మీద తేదీ సెప్టెంబరు 21. కానీ 21న ఎవరికీ తెలియదు. 22 రాత్రి రక్షణ మంత్రి ఎన్‌రిలే కారు మీద కాల్పులు జరిగాయన్నారు. మంత్రి ఆ కారులో లేడు, వెనకాల కారులో ఉన్నాడట. అర్ధరాత్రి దాటాక అరెస్టులు మొదలయ్యాయి. మొదటివాళ్లలో ప్రతిపక్ష సెనేటర్ బెనిగ్నో అకీనో ఒకడు, హిల్టన్ హోటల్లో పట్టుకున్నారు. తెల్లారేసరికి రేడియోలో శబ్దం లేదు, పత్రిక రాలేదు, టీవీలో బొమ్మ లేదు. ఆ పగలంతా దేశానికి ఏమైందో తెలియదు. 23 సాయంత్రం ఏడు దాటాక మార్కోస్ టీవీలో కనిపించి కారణం చెప్పాడు. వరుస చూశారా? ముందు మనుషులు, తర్వాత పత్రికలు, రేడియోలు, అన్నిటికన్నా ఆఖరున కారణం. కారణం ముందు చెబితే దాని మీద చర్చ మొదలవుతుంది మరి.

ఆ కారు మీద కాల్పుల సంగతి: 1986 ఫిబ్రవరిలో మార్కోస్‌కు ఎదురు తిరిగినప్పుడు ఎన్‌రిలే తనే అది నాటకమని ఒప్పుకున్నాడు. చాలా ఏళ్ల తర్వాత ఆత్మకథ రాసుకుంటూ, కాదు నిజంగానే కాల్చారన్నాడు.

ఆ రోజుల్లో వచ్చిన ఉత్తర్వులు వరుసగా చదివితే ఒక లాయరు బుర్ర ఎలా పనిచేస్తుందో కనిపిస్తుంది. మొదటి జనరల్ ఆర్డరు: దేశాన్ని నేను పరిపాలిస్తాను. రెండోది: ఈ జాబితాలో ఉన్నవాళ్లను పట్టుకోండి. నాలుగోది: అర్ధరాత్రి నుంచి తెల్లవారుజాము నాలుగు దాకా కర్ఫ్యూ. ఐదోది: ఊరేగింపులు, సమ్మెలు బంద్. ఆరోది: ఇళ్లలో తుపాకులు ఉండకూడదు. నేను దాటేసిన మూడోదే అసలు ఆర్డరు. కోర్టులు మామూలుగా పనిచేస్తాయి అంటుంది. విడాకులు, పొలం గట్లు, అప్పులు అన్నీ విచారించుకోవచ్చు. అయితే ఈ 1081 చెల్లుతుందా లేదా అన్న ప్రశ్న మాత్రం విచారించకూడదు! కోర్టును మూసేస్తే ప్రపంచం అరుస్తుంది. తెరిచి ఉంచి ఒక్క ప్రశ్నను బయట పెడితే ఎవరికీ పెద్దగా పట్టదు. పైగా ఆయన నియమించే అధికారులంతా రాజీనామా పత్రాలు రాసి ఇవ్వాలని ఇంకో ఉత్తర్వు. పత్రం ఆయన దగ్గర ఉంటుంది, ఆమోదించేది ఎప్పుడో ఆయన ఇష్టం. కొత్త రాజ్యాంగంలో జడ్జీలకూ ఇదే ఏర్పాటు: డెబ్బై ఏళ్ల దాకా కొనసాగవచ్చు, "ఈలోగా వేరొకర్ని నియమించకపోతే".

మరి కాంగ్రెస్ సభ్యులు ఊరుకున్నారా అని మీరు అడగాలి. జైల్లో పెట్టింది కొందరినే. మిగతావాళ్లను ఆశతో కట్టేశాడు. కొత్త రాజ్యాంగంలో తాత్కాలిక నిబంధనలు అని ఒక అధ్యాయం పెట్టించాడు. దాని ప్రకారం మొదట ఒక మధ్యంతర జాతీయ సభ వస్తుంది. అందులో సభ్యులు ఎవరు? ఈ నిబంధనలకు అనుకూలంగా ఓటేసిన రాజ్యాంగ సభ సభ్యులు, ముప్పై రోజుల్లో ఒప్పుకుంటూ రాసిచ్చిన పాత కాంగ్రెస్ సభ్యులు. అంటే అవుననండి, ఎన్నిక లేకుండానే సీటు. సెనేటర్లలో సగానికి పైగా, కింది సభలో అత్యధికులు రాసిచ్చారు. ఇక ఆ అధ్యాయంలో ఇంకో చిన్న వాక్యం: ఆ సభను పిలిచేది ప్రస్తుత అధ్యక్షుడు, పిలిచేదాకా పాత రాజ్యాంగం కిందున్న అధ్యక్షుడి అధికారాలూ కొత్త రాజ్యాంగం కిందున్న అధ్యక్షుడి, ప్రధాని అధికారాలూ ఆయనవే. ఆయన ఆ సభను ఎన్నడూ పిలవలేదు. అవునన్నవాళ్లు సంతకం పోగొట్టుకున్నారు, సీటూ దక్కలేదు. అప్పటికి నోరు విప్పే అర్హతా పోయింది.

ఇక కొత్త రాజ్యాంగానికి ప్రజామోదం. 1973 జనవరి 15న రహస్య ఓటింగు జరగాలి. జనం తనకు అనుకూలంగా లేరని తెలిసి వాయిదా వేశాడు. దాని బదులు పౌర సభలు అని కనిపెట్టాడు. బరంగాయ్ అంటే మన వార్డు లాంటిది. ఒక్కో బరంగాయ్‌లో జనవరి 10 నుంచి 15 దాకా జనాన్ని పోగుచేసి, పదిహేనేళ్లు నిండిన పిల్లల దగ్గర్నుంచి అందరినీ చేతులెత్తమన్నారు. పక్కన పోలీసు ఉన్నప్పుడు చెయ్యి ఎత్తనివాడెవడు? లెక్క ఇలా ప్రకటించారు: అనుకూలం 1,49,76,561, వ్యతిరేకం 7,43,869. దేశమంతా చేతులెత్తితే ఒక్కటి కూడా తేడా రాకుండా ఎవరు లెక్కపెట్టారో మరి. సంఖ్య ఎంత కచ్చితంగా ఉంటే అంత అనుమానించాలి. ఆ 15వ తేదీనే లిమ్ సెంగ్ అనే హెరాయిన్ వ్యాపారిని ఫైరింగ్ స్క్వాడ్‌తో బహిరంగంగా కాల్చి చంపించాడు. మాదకద్రవ్యాల వాళ్లు అంతమయ్యారని జనం సంతోషించారు కూడా.

17వ తేదీన సుప్రీంకోర్టులో ఈ చేతులెత్తే ఓటు చెల్లదనే కేసు వాదనలు నడుస్తున్నాయి. మధ్యలో న్యాయ మంత్రి వచ్చి ప్రధాన న్యాయమూర్తి చేతికి ఒక కాగితం ఇచ్చాడు. ఆ ఉదయమే సంతకం చేసిన 1102వ ప్రకటన, కొత్త రాజ్యాంగం ఆమోదం పొందిందని. ప్రధాన న్యాయమూర్తి లోపలికి వెళ్లి దాన్ని చదివి వినిపించాడు. మార్చి 31న తీర్పు వచ్చింది. పదిమందిలో ఆరుగురు జడ్జీలు ఆమోదం సరైన పద్ధతిలో జరగలేదన్నారు. అదే పదిమందిలో ఆరుగురు కేసు కొట్టేద్దామన్నారు. చివరి వాక్యం, కొత్త రాజ్యాంగం అమల్లో ఉందనుకోవడానికి ఇక కోర్టుపరంగా అడ్డంకి లేదని. తప్పు జరిగిందని తేల్చారు, దిద్దలేదు. పెళ్లి చెల్లదు గానీ కాపురం సాగించండి అన్నట్టుంది.

ఇది వింటుంటే మనవాళ్లకు 1975 ఎమర్జెన్సీ గుర్తుకు రావడం సహజం. జూన్ 25 రాత్రి రాష్ట్రపతి సంతకం, ఢిల్లీ పత్రికలకు కరెంటు కట్, మంత్రివర్గానికి తెల్లవారాక తెలియడం, మరుసటి ఏడాది ఏప్రిల్‌లో హెబియస్ కార్పస్ కేసులో సుప్రీంకోర్టు తీర్పు, ఒక్క జస్టిస్ ఖన్నా అసమ్మతి. వరుస చాలావరకు అదే. తేడా ఒకటుంది. ఇక్కడ ఇరవై ఒక్క నెలలకు నిజమైన ఎన్నిక పెట్టారు, ఓడిపోయారు, దిగిపోయారు. మార్కోస్ ఎన్నికలు పెట్టడం మానలేదు. 1973, 1975, 1976, 1977, దాదాపు ఏడాదికో ప్రజాభిప్రాయ సేకరణ. లెక్కింపు మాత్రం తన చేతిలోంచి వదల్లేదు. 1976లో ఆరో సవరణ తెచ్చుకున్నాడు: శాసనసభ ఉన్నా సరే, అది సరిగ్గా పనిచేయడంలేదని తనకు తోస్తే తానే డిక్రీ, అంటే చట్టంతో సమానమైన ఉత్తర్వు, ఇవ్వవచ్చు. అందుకే 1981 జనవరి 17న మార్షల్ లా ఎత్తేశానని ప్రకటించాడు, క్యాథలిక్ మతగురువు పోప్ ఆ దేశానికి రావడం ఆ మరుసటి నెలలో. ఎత్తేసింది పేరును. అధికారం ఆరో సవరణలో భద్రంగా ఉంది.

పట్టుకోవడం వేరు, నిలుపుకోవడం వేరు. నిలుపుకోవడానికి ఆయన మూడింటి మీద ఆధారపడ్డాడు. సైన్యం, చుట్టూ ఉన్న వ్యాపారులు, అమెరికా. అమెరికా సంగతి పొడిగా చెబుతాను: క్లార్క్ వైమానిక స్థావరం, సుబిక్ నౌకా స్థావరం ఆ దేశంలో ఉన్నాయి, వియత్నాం యుద్ధం నడుస్తోంది. ఆ స్థావరాలున్నంత కాలం వాషింగ్టన్ కళ్లు మూసుకుంది.

వ్యాపారుల విషయం కొబ్బరితో చెబుతాను. కోనసీమ నుంచి వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే బాగా అర్థమవుతుంది. 1973లో ఒక డిక్రీ ఇచ్చాడు: వంద కిలోల ఎండుకొబ్బరి అమ్మితే 15 పెసోలు పన్ను. పేరు స్థిరీకరణ నిధి, రైతు మేలు కోసమే. 1975లో ఇంకో డిక్రీ: ఆ డబ్బుతో రైతుల కోసం ఒక బ్యాంకు కొనాలి. కొన్నారు. నడిపేది ఎవరు? మార్కోస్ ఆప్తుడు ఎడువార్డో కొవాంగ్‌కో. తర్వాత అదే డబ్బుతో నూనె మిల్లులు కొని ఒక్క గొడుగు కిందికి తెచ్చారు. ఇక రైతు ఎండుకొబ్బరిని ఎవరికి అమ్మాలి? వాళ్లకే. ధర ఎవరు చెబుతారు? వాళ్లే. రైతు చేతిలో మాత్రం పన్ను రసీదు ఉంది, దాన్ని తెస్తే షేరు ఇస్తామన్నారు. చెట్టెక్కి కాయ దింపేవాడు ఆ రసీదు దాచుకుంటాడా? చక్కెరకు బెనెడిక్టో అనే ఇంకో మిత్రుడు, అరటికి ఇంకొకరు. విద్యుత్ కంపెనీ, టీవీ చానెళ్లు ఉన్న లోపెజ్ కుటుంబం దగ్గర మాత్రం పద్ధతి మారింది. కొడుకును జైల్లో పెట్టి తండ్రితో బేరమాడారు. కంపెనీ చేతులు మారింది, కొడుకు మాత్రం బయటికి రాలేదు. ఐదేళ్లయ్యాక 1977లో జైలు నుంచి తప్పించుకు పారిపోయాడు.

ఈ ఏర్పాటులో ఒక లోపం ఉంది. పోటీలో గెలిచి పైకొచ్చినవాడికి వ్యాపారం చేయడం వస్తుంది. డిక్రీతో వచ్చినవాడికి డిక్రీ తెచ్చుకోవడమే వస్తుంది. నష్టం వస్తే ప్రభుత్వ బ్యాంకు నుంచి మళ్లీ అప్పు. బతాన్‌లో 200 కోట్ల డాలర్లు దాటిన అణు విద్యుత్ కేంద్రం కట్టారు, ఒక్క యూనిట్ కరెంటు రాలేదు. విదేశీ అప్పు 1986 నాటికి 2,600 కోట్ల డాలర్ల చుట్టూ తేలింది.

సైన్యంలో కూడా అదే జబ్బు, ఇంకా లోతుగా. 1972 తర్వాత సైన్యం నాలుగైదేళ్లలో దాదాపు రెట్టింపయింది, లక్ష దాటింది. జీతాలు పెరిగాయి, మిలిటరీ కోర్టుల్లో కూర్చునే అధికారం వచ్చింది. సొంత ప్రాంతం ఇలోకోస్ వాళ్లకు మంచి పదవులు. అందరికన్నా పైన బంధువు ఫాబియన్ వేర్, అంగరక్షక దళం చూసేవాడు, 1981లో ఏకంగా సైన్యాధిపతి అయ్యాడు. అమెరికా సైనిక కళాశాల వెస్ట్ పాయింట్‌లో చదివిన ఫిడెల్ రామోస్ ఆయన కిందే ఉండిపోయాడు. మార్కోస్ కనిపెట్టిన చిట్కా ఏమిటంటే, రిటైరు కావాల్సిన జనరల్‌కు పొడిగింపు ఇవ్వడం. పొడిగింపు మీద బతికేవాడు ఎదురు తిరగడు. నిజమే. కానీ పైమెట్టు ఖాళీ కాకపోతే కిందివాడికి ప్రమోషన్ ఉండదు. సైనిక అకాడమీలో చదివి, అడవుల్లో దెబ్బలు తిని, మేజరు, కల్నల్ దగ్గర ఆగిపోయినవాళ్లు 1980ల మొదట్లో లోపల్లోపల జట్టు కట్టారు. సంస్కరణ ఉద్యమం అని పేరు పెట్టుకున్నారు, ఎన్‌రిలే గొడుగు కింద చేరారు. పైవాళ్ల విధేయత కొనడానికి వాడిన డబ్బే కిందివాళ్ల విధేయతను తినేసింది.

1983 ఆగస్టు 21న అకీనో అమెరికా నుంచి తిరిగొచ్చి, మనీలా విమానాశ్రయంలో సైనికుల చేతుల్లో ఉండగానే తలకు తూటా తగిలి చనిపోయాడు. అక్టోబరు వచ్చేసరికి అప్పు వాయిదాలు కట్టలేమని ప్రభుత్వం చేతులెత్తేసింది. 1984లో ధరలు దాదాపు సగం మేర పెరిగాయి. ఆ ఏడాదీ మరుసటి ఏడాదీ ఆర్థిక వ్యవస్థ ఏడేసి శాతం కుంచించుకుపోయింది. పంచడానికి డబ్బు లేనప్పుడు ఆప్తులు ఆప్తులుగా ఉండరు.

అప్పుడు మార్కోస్ తనకు అలవాటైన మందే వేసుకున్నాడు, ఎన్నిక. 1985 నవంబరులో ఒక అమెరికా టీవీ కార్యక్రమంలో ముందస్తు ఎన్నిక ప్రకటించాడు. 1986 ఫిబ్రవరి 7న పోలింగు. అకీనో భార్య కొరజోన్ ప్రత్యర్థి. ఈసారి లెక్క ఆయన ఒక్కడి చేతిలో లేదు. నామ్‌ఫ్రెల్ అనే పౌర సంఘం వేలమంది వాలంటీర్లతో పోలింగ్ కేంద్రాల నుంచి వేరుగా లెక్క తెప్పించింది. 9వ తేదీ రాత్రి ఎన్నికల సంఘం లెక్కింపు హాల్లో ముప్పైమందికి పైగా కంప్యూటర్ ఉద్యోగులు, ఎక్కువమంది అమ్మాయిలు, డిస్కులు పట్టుకుని లేచి బయటికి నడిచారు. తాము యంత్రంలో ఎక్కిస్తున్న అంకెలకూ బోర్డు మీద కనిపిస్తున్న అంకెలకూ పొంతన లేదని. 1973లో చేతులు లెక్కపెట్టినవాళ్లెవరూ ఇలా లేవలేదు. అయినా 15న శాసనసభ మార్కోస్ 15 లక్షల ఓట్లతో గెలిచాడని ప్రకటించింది.

22న ఎన్‌రిలే కుట్ర బయటపడి, కొద్దిమంది సైనికులతో క్యాంప్ అగినాల్డో అనే సైనిక స్థావరంలో తలుపులు వేసుకున్నాడు. రామోస్ వచ్చి కలిశాడు. మనీలా క్యాథలిక్ మతాధిపతి కార్డినల్ సిన్ చర్చి వాళ్ల రేడియో వెరితాస్‌లో పిలుపిచ్చాడు, వాళ్లకు అండగా వెళ్లండి, అన్నం పట్టుకెళ్లండి అని. ఎడ్సా అనే రోడ్డు లక్షల జనంతో నిండింది. ట్యాంకులు ఆగాయి. 24 ఉదయం అణచడానికి పంపిన హెలికాప్టర్ల దళం కల్నల్ సోతెలో నాయకత్వంలో తిరుగుబాటుదార్ల మైదానంలోనే దిగింది. 25 తెల్లవారుజామున మార్కోస్ అమెరికా సెనేటర్ లాక్సాల్ట్‌కు ఫోన్ చేసి ఏం చేయమంటావని అడిగాడు. తెంచుకుని వచ్చెయ్యమన్నాడాయన. అయినా ఆ మధ్యాహ్నం రాజభవనంలో ప్రమాణస్వీకారం మాత్రం మానలేదు. రాత్రికి అమెరికా హెలికాప్టర్ ఎక్కాడు. మూడేళ్లకు హవాయిలో చనిపోయాడు.

1987 రాజ్యాంగంలో ఆ పాత క్లాజు ఉంది, కానీ గుమ్మానికి వేలాడే తాళంచెవి తీసేశారు. "ముంచుకొచ్చే ప్రమాదం" అన్న మాట పోయింది. మార్షల్ లా అరవై రోజులే. నలభై ఎనిమిది గంటల్లో కాంగ్రెస్‌కు నివేదిక ఇవ్వాలి. ఉభయ సభలూ కలిసి కూర్చుని మెజారిటీతో రద్దు చేయవచ్చు. ఏ పౌరుడైనా సుప్రీంకోర్టుకు వెళ్లవచ్చు, ముప్పై రోజుల్లో కోర్టు తేల్చాలి. మన 44వ సవరణ కూడా ఇదే బాట, "అంతర్గత కల్లోలం" తీసి "సాయుధ తిరుగుబాటు" పెట్టింది, మంత్రివర్గం సలహా రాతపూర్వకంగా ఉండాలంది. ఫిలిప్పీన్స్‌లో ఆ కొత్త క్లాజుకు పెద్ద పరీక్ష 2017లో వచ్చింది. అప్పటి అధ్యక్షుడు డుటెర్టే దక్షిణాన ఉన్న మిండనావోలో మార్షల్ లా పెట్టాడు. నివేదిక గడువులోనే వెళ్లింది, కోర్టు గడువులోనే సమర్థించింది, కాంగ్రెస్ మళ్లీ మళ్లీ పొడిగించింది. అరవై రోజులది రెండున్నరేళ్లు నడిచి 2019 చివర ముగిసింది.

చివరిగా ఒక లెక్క. స్విట్జర్లాండ్ బ్యాంకుల్లో మార్కోస్ దాచిన డబ్బులో 65 కోట్ల డాలర్లకు పైగా దేశానికే చెందుతుందని 2003లో సుప్రీంకోర్టు తేల్చింది. అందులోంచి 1,000 కోట్ల పెసోలు మార్షల్ లా బాధితులకు ఇవ్వాలని 2013లో చట్టం చేశారు. 75,000కు పైగా దరఖాస్తులు వచ్చాయి. హవాయిలోని అమెరికా కోర్టులో మార్కోస్ మీద ముందే కేసు గెలిచినవాళ్లు తప్ప మిగతావాళ్లు రుజువులు తామే తెచ్చుకోవాల్సి వచ్చింది. నలభై ఏళ్ల కిందట అర్ధరాత్రి ఇంట్లోంచి లాక్కెళ్లినవాళ్లు ఏ కాగితం ఇచ్చారు గనక? ఆ దరఖాస్తులు పరిశీలించిన బోర్డు గుర్తించిన బాధితులు 11,103 మంది. ఆ పని ముగిసిన నాలుగేళ్లకు, 2022లో, కొడుకు మార్కోస్ అధ్యక్షుడుగా ఎన్నికయ్యాడు. ఓట్లతోనే.

ఇక ప్రశ్నలుంటే అడగండి.